శాంతమ్మ గొంతు

“పిలుస్తా నిలబడితే పలకడు. నువ్వే లోపలికి పో అప్పా,” అంది లక్ష్మక్క, పక్కింటి అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తూ.

ఉమేష్ బండికి స్టాండు వేశాడు గానీ కాళ్లు ముందుకు పడలేదు. లోపల్నుంచి పాట వస్తోంది. తను తీసిన పాటే. ఫోను పగిలిపోతుందేమో అన్నంత గట్టిగా వస్తోంది.

“పొద్దున, మాపున ఇదే పాట. ఈదంతా వినాల్సిందే,” అని నవ్వింది లక్ష్మక్క. “అవునప్పా, మా శాంతమ్మది బొంగురు గొంతు గదా. పాటలో యాడో సినిమా పిల్ల మాదిరి ఉండాదే. మిషన్లో పెడితే అట్ల మారతాదా?”

“మారతాదక్కా,” అన్నాడు ఉమేష్, తల వంచుకుని చెప్పులు విడుస్తూ. వచ్చి రెండు నిమిషాలు కాలేదు, అప్పుడే ఒక అబద్ధం ఆడేశాడు.

ఉమేష్‌ది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. నాలుగేళ్లు షార్ట్ ఫిల్ములు తీస్తే చూసినవాళ్లు స్నేహితులూ, మొహమాటానికి వాళ్ల చుట్టాలూ. రెండేళ్ల కిందట గోనెగండ్ల చేలల్లో పత్తి తీస్తున్న శాంతమ్మ పాట చెవిన పడింది. అక్కడికక్కడే రికార్డు చేసుకున్నాడు. మర్నాడు ఆ రికార్డుకు పెదవులు కదిలించమని ఆమెనే నిలబెట్టి, శబ్దం లేకుండా వీడియో తీశాడు. హైదరాబాదులో దాన్ని విడుదల చేస్తామన్నవాళ్లు చూసి, “బొమ్మ బ్రహ్మాండం, గొంతే బాలేదు” అన్నారు. శాంతమ్మ పెదవులకు సరిపోయేలా స్టూడియోలో వేరే అమ్మాయి చేత పాడించారు. పేరు మాత్రం ‘గానం: శాంతమ్మ’ అనే ఉంచారు. కూలి మనిషి పాడిందంటేనే జనం చూస్తారట. ఉమేష్ ఊఁ అన్నాడు. అరవై లక్షల మంది చూశారు. ఆ తర్వాత అతనికి చేతినిండా పాటలే.

మొన్న మాఘంలో శాంతమ్మ జ్వరంతో పోయింది. కబురు తెలిసిన రోజు ఉమేష్ పాత మెమరీ కార్డులన్నీ వెతికాడు. ఆమె అసలు గొంతు ఉన్న కార్డును ఇంకో పాట కోసం ఎప్పుడో తనే తుడిచేశాడు. ఆ గొంతు ఇక భూమ్మీద ఎక్కడా లేదు. ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదతనికి.

ఇప్పుడు ఆమె మొగుడు ఉచ్చీరప్ప రమ్మని కబురు పెట్టాడు. షూటింగప్పుడు ఆయన ఆదోనిలో, పత్తి మిల్లులో పనిలో ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు. విషయం తెలిసిపోయిందేమోనని దారంతా భయపడ్డాడు ఉమేష్. తెలిసిపోతేనే నయం, నోరు విప్పే బాధ తప్పుతుందని కూడా అనుకున్నాడు.

లోపల ఉచ్చీరప్ప గోడకు ఆనుకుని, ఫోను ముఖానికి దగ్గరగా పట్టుకుని కూర్చున్నాడు. ఉమేష్ నీడ మీద పడ్డాక తలెత్తాడు.

“పాట తీసిన అప్పవు నువ్వేనా? రా, రా. ఆ మూలకొద్దు, ఈడ ఎలుతుర్లో కూసో. మొగం కనపడాల.”

ఉమేష్ ఎదురుగా కూర్చున్నాడు. “మిల్లు మానేసినావా పెద్దాయనా?”

“ముప్పై ఏండ్లు ఆ మిషన్ల కాడనే నిలబడినా, ఇంక సాలు. ఆమె ఉన్నప్పుడు వారానికొక దినం ఇంటికి వస్తాంటి. ఇప్పుడు దినామూ ఇంట్లోనే ఉండా. ఆమే లేదు.”

ఉచ్చీరప్ప ఫోను అతని ముందుకు జరిపాడు.

“ఈడ సూడు. ‘మామా’ అంటాది. రెండు పెదిమెలూ ఎట్ల కలుస్తాయో సూడు! ఆ మామను నేనేలే.” సిగ్గుపడి నవ్వాడు. “నువ్వేమో అంతలోకే మబ్బుల్ని సూపిస్తివి. వాన పడని మబ్బులు మాకేమన్నా కొత్తనా అప్పా? ఆమె మొగం ఇంకొంచెం సేపు ఉండేట్ల సేసిస్తావా? అందుకే పిలిపిస్తి.”

ముఖం ఉంది. గంటసేపటి ముఖం ఉమేష్ దగ్గర భద్రంగా ఉంది. లేనిది గొంతే. కొంచెం ముఖం కోసం ఇంతగా బతిమాలుతున్న మనిషికి ఆ సంగతి ఎట్లా చెప్పడం? చెప్పకుండా ఎట్లా లేవడం?

అతను లేచి గోడకున్న శాంతమ్మ ఫోటో ముందు నిలబడ్డాడు. ఉచ్చీరప్ప కళ్లలోకి చూస్తే నోరు పెగలదని తెలుసు. ఫోటోకే చెప్పినట్టు మొదలుపెట్టాడు.

“పెద్దాయనా, ఆ పాటలో గొంతు శాంతమ్మది గాదు. హైదరాబాదులో ఇంకొకామెతో పాడించినారు. నా పేరు కోసం నేను ఒప్పుకున్యా. శాంతమ్మ పాడింది నా దగ్గరే ఉండె. దాన్ని నా చేతుల్తో నేనే తుడిచేసినా. నువ్వు దినామూ పెట్టుకుంటాండేది ఎవురిదో గొంతు. తిట్టు, కొట్టు, ఏమన్నా సెయ్యి. దాచిపెట్టి బతకలేకుండా ఉండాను.”

వెనక నుంచి ఒక్క మాట కూడా రాలేదు.

చాలాసేపటికి ధైర్యం చేసి ఇటు తిరిగాడు. ఉచ్చీరప్ప తువ్వాలు కొసతో ఫోను అద్దం తుడుచుకుంటున్నాడు. ముఖంలో కోపం లేదు. తలెత్తి, ఇందాకటిలాగే ఆప్యాయంగా చూశాడు. ఎంత పెద్ద మనసు! ఉమేష్‌కు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లూ గుండె మీద కూర్చున్న బరువు దిగిపోయింది. వంగి ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

ఉచ్చీరప్ప కంగారుగా అతన్ని లేపి, గడ్డం పట్టుకుని ముఖం వాకిలి వైపు, వెలుతురులోకి తిప్పాడు.

“సెవులు మిల్లులోనే పోయినాయప్పా, ఇట్ల తిరిగి సెప్పు.”