మామా రాది

"మామా రాది... మామా రాది... తాతా నే రాది..."

గుమ్మం బయట ఆదిబాబు కాళ్ళు నేలకి అతుక్కుపోయాయి. లోపల గొంతు తన పెళ్ళాం పద్మకుమారిదే. పెళ్ళైన నాటి నుంచీ ఆమె తనని పిలిచే పిలుపు 'మావా' అనే. ఆ ఇంట్లో మావ అంటే ఇంకెవడున్నాడు గనక! మావ రాడట! కంపెనీ గేటు పాసు మర్చిపోయి దారిలోంచి వెనక్కొచ్చాడు గానీ, లేకపోతే ఈ ముచ్చట చెవిన పడేదే కాదు. మొగుడు మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళిన పావుగంటకే, ఇక రాడని ఎవడికి కబురు చెబుతోంది?

ఒక్క తోపుతో తలుపు తోశాడు. తలుపు వెనక చూశాడు. మంచం కింద చూశాడు. దండెం మీది దుప్పటి కూడా ఎత్తి చూశాడు. నరమానవుడు లేడు. పద్మకుమారి మాత్రం చేతిలో కాయితాన్ని గబుక్కున కొంగు చాటుకి లాక్కుంది.

"ఎవుడితో మాటాడతన్నావే?"

"ఎవుడూ లేడు మావా. పాఠం సదూకుంతన్నాను."

"మావ రాడని పాఠమేటి?"

"మావ కాదు, మామా. ఆళ్ళ బాసలో మామా అంటే అమ్మ."

"అమ్మా? ఏ ఊర్లోనే?"

"యుగోస్లావియాలో. సెర్బీ బాస. సోనారి బంగళా అమ్మగోరు నేర్పుతాది. రాది అంటే పని సేత్తాది. అమ్మ పని సేత్తాది, అంతే."

"మరి తాత?"

"తాతా అంటే నాన్న."

ఆదిబాబుకి ఒళ్ళు మండిపోయింది. అసలు ఆ బంగళాలో పొద్దుటిపూట ఆయా పనే అతనికి గిట్టదు. దొరల పిల్లని ఆడించడం చాలక ఇప్పుడు దొరల భాష కూడానా! "మామ అంటే అమ్మట, తాత అంటే నాన్నట! నా సెవిలో పువ్వులెడతన్నావేటి? తే ఆ కాయితం!"

లాక్కుని చూశాడు. నీలం సిరాతో అయిదు వరసలున్నాయి. అక్షరాలు ఇంగ్లీషువే, మాటలే ఇంగ్లీషువి కావు.

"టాటా అని ఉంది సూడు! టాటా అంటే మన కంపెనీ ఊరు కాదేటి?"

"మనకి ఊరు. ఆళ్ళకి నాన్న."

ఆఖరి వరస మీద ఆదిబాబు వేలు ఆగింది. కూడబలుక్కుని చదివాడు. "డో... డి... సూత్రా... సామా. ఓసి నీ! సూత్రం కట్టినోణ్ణి నేను. ఈ సామి ఎవుడే?"

"ఆ ముక్క నాకూ తెల్దు. పైవి రెండే తెలుసు."

"ఎవుడిచ్చాడీ కాయితం?"

"ఎవుడేటి? అమ్మగోరే. ఇయాల నా పేరు రాసి పాప పాలసీసా కింద ఎట్టి బడికెల్లింది. నమ్మకం లేకపోతే బంగళాలో వంటసేసే పోలమ్మక్కనడుగు, రోజూ ఇద్దరం కలిసే కదా ఎల్తాం."

"ఎవుల్నీ అడగను. రేపట్నించి పని మానెయ్."

అప్పటిదాకా మెల్లగా మాట్లాడిన మనిషి దిగ్గున లేచింది. "మానేత్తాను మావా. కాని ఈ మాట నెత్తినెట్టుకుని మానను. పద, అమ్మగోర్నే అడుగుదువు గాని. అందులో ఒక్క సెడ్డ మాటున్నా నన్ను మాయమ్మింటికి రైలెక్కించెయ్."

"ఎక్కిత్తాను. టికెట్టు కూడా నానే తీత్తాను."

డ్యూటీ పోతే పోయింది. తాముండే కద్మాలో ఆటో ఎక్కి ఇద్దరూ చెరో అంచునా కూర్చున్నారు. ఆటో సోనారి దారి పట్టింది. పైకి బుసలు కొడుతున్నాడు గానీ, ఆ కాయితంలో ఏ పాడూ ఉండకూడదని ఆదిబాబు ఊరి అమ్మవారికి లోలోపల మొక్కుతూనే ఉన్నాడు. పద్మ లేకుండా ఆ క్వార్టర్లో ఒక్కపూట ఉండగలడా వాడు!

బంగళా అమ్మగారు అప్పుడే బడి నుంచి వచ్చినట్టుంది. ఆమె అక్కడి విదేశీ పిల్లలకి టీచరు. సంచీ ఇంకా భుజానే ఉంది, చంకలో పాప. ఆదిబాబు కాయితం చాచి, దానికి అర్థం చెప్పమని హిందీలో అడిగాడు. ఆమె ఒక చూపు చూసి నవ్వేసింది.

"ఓ, పాఠమా!" అంది వచ్చీరాని హిందీలో. "చిన్న చిన్న వాక్యాలు. మొదటిది, 'అమ్మ పని చేస్తుంది.'"

పద్మకుమారి మొగుడి వంక చూసింది, విన్నావా అన్నట్టు.

"'నాన్న పని చెయ్యడు.'"

ఆదిబాబు తల గోక్కున్నాడు.

"'నాన్న ఇంట్లో ఉన్నాడు.' 'పాప నిద్రపోతోంది.'"

అమ్మయ్య! గుండెల మీంచి బండ దిగినట్టయింది వాడికి. ఆ వెనకే సిగ్గు ముంచుకొచ్చింది. అమ్మ, నాన్న, పాప! ఈ పిల్లల పాఠానికా పెళ్ళాన్ని రైలెక్కిస్తానన్నాడు! "తప్పయిపోనాది పద్మా," అన్నాడు మెల్లగా. "నువ్వు పని మానొద్దు. రేపు ఎప్పట్లాగే పనికెల్లు." ఆమె మూతి తిప్పుకుంది గానీ నవ్వాపుకోవడం వాడికి కనబడుతూనే ఉంది.

అమ్మగారు అయిదో వరస దగ్గర ఆగింది. కాయితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. పాపని కింద దించింది.

"ఆకరిదేటమ్మా?" ఆదిబాబు ధీమాగా అడిగాడు.

"'రేపు ఒక్కదానివే రా,'" అందామె, తల ఎత్తకుండానే. "ఈ అయిదు వరసలూ నా రాత కాదు. మా ఆయనది."