ఆరో పళ్లెం

"సంచీ బోర్లించవే. ఆరో పళ్లెం దొరికేదాకా నిన్ను గడప దాటనివ్వను."

జయమణి సంచీ నేల మీద కుమ్మరించింది. టిఫిన్ బాక్సు, అట్ట చినిగిన బైబిలు, పరవాడ బస్సు టిక్కెట్లు. అంతే.

శ్రీరామ్మూర్తి నమ్మలేదు. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఆఫీసరుగిరీ వెలగబెట్టినవాడు. ఇంట్లో వస్తువు కనబడకపోతే పనిమనిషే దొంగ, ఆయనకు వేరే రుజువు అక్కర్లేదు. ఈజిప్టు దేవుళ్ల బొమ్మలు వేసిన స్టోన్‌వేర్ పింగాణీ పళ్లాలవి. రాయిలా బరువు, అన్నం తినడానికి కాదు, గోడకి పెట్టుకుని మురవడానికి. ఆరూ ఉంటేనే సెట్టు. మద్దిలపాలెం ఫ్లాటుకి మారిన రోజు అటకెక్కించిన పెట్టెను రెండేళ్లకు ఇవాళ దింపాడు. ఇలాంటివే పోగుచేసే మిత్రులు సాయంత్రం చూడ్డానికి వస్తున్నారు. పెట్టెలో చూస్తే ఐదే ఉన్నాయి.

"అటక దులిపేది నువ్వే కదా?"

"దులిపాను గానీ పెట్టె ముట్టుకోలేదు సారూ నాను."

పూజగదిలో ఆయన భార్య గౌరీశ్వరి గంట వాయిస్తోంది. పూజ మధ్యలో ఇల్లు కూలినా ఆవిడ పలకదు. ఇవాళ ఆ గంట ఎందుకో ఎంతకీ ఆగడం లేదు.

శ్రీరామ్మూర్తి పోలీసుల్ని పిలుస్తానన్నాడు. స్టేషను గడప తొక్కిన మనిషికి ఈ వీధిలో ఒక్క ఇంట్లో పని దొరకదన్నాడు. జయమణి ఏడవలేదు, కాళ్లు పట్టుకోలేదు. ఆ పళ్లెం ఎలా ఉంటుందో చూపించమంది.

ఫోన్లో ఉన్న పాత ఫొటో వెతికి ఆమె మొహం మీదికి తోశాడు. మనిషి ఒంటి మీద నక్క తల ఉన్న నల్లటి దేవుడు.

"ఇదేటి, దీని కోసమా?" అంది. వెనక బాల్కనీలోకి వెళ్లి, చీపుళ్ల వెనక నుంచి పళ్లెం తీసుకొచ్చి చేతిలో పెట్టింది.

పెచ్చు కూడా ఊడలేదు. శ్రీరామ్మూర్తికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. పళ్లేన్ని గుండెకు హత్తుకున్నాడు, రెండు కళ్లకీ అద్దుకున్నాడు, ముద్దు పెట్టుకున్నాడు.

"దాచినవాళ్లకే జాడ తెలుస్తుంది" అంటూ పోలీసుల నంబరు నొక్కబోయాడు.

గంట ఆగింది. హారతి పళ్లెంతో బయటికొచ్చిన గౌరీశ్వరి, మొగుడి పెదాలకు ఆనుకున్నదేమిటో చూసి కొయ్యబారిపోయింది.

జయమణి వంగి బైబిలు సంచీలో పెట్టుకుంది.

"కుక్కమూతి బొమ్మ అరిష్టమన్నారు సారూ అమ్మగోరు. మీ కంచాల్లో నా కంచం కలవకూడదని, రెండేళ్లుగా నాకు వేరేగా అన్నం పెడతన్నది అందులోనే."