ముక్కు విరిగిన చిలక

“ఆ అచ్చు పెట్టెలోనే ఉండనివ్వండి రావుగారూ. ఇంకోటి చూపిద్దాం,” అంది లీలావతి మూడోసారి.

మధుసూదనరావు ఆమె వంక కూడా చూడలేదు. “నీ సలహా ఎవరడిగారు? పక్కకి నిలబడు,” అన్నాడు.

స్పెయిన్‌లోని ఆ మ్యూజియం ఒకప్పుడు సన్యాసినుల మఠమట. రాతి వసారాలు, మధ్యలో నారింజ చెట్లు, గోడల నిండా మరియమ్మ చిత్రపటాలు. చెక్క అచ్చులతో కలంకారీ అద్దకం చేసి చూపించమని వాళ్లిద్దరినీ మచిలీపట్నం నుంచి పిలిపించారు. ఆయనది కార్ఖానా, ఆమెది అందులో ఇరవై ఏళ్ల చాకిరీ. విమానం ఎక్కినప్పటి నుంచీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

గొడవంతా ప్రదర్శన దగ్గర పేర్లు రాసి పెట్టే బోర్డు గురించి మొదలైంది. యజమాని పేరు, అద్దకం వేసిన మనిషి పేరు రెండూ రాస్తామని మ్యూజియం వాళ్లు ముందే ఉత్తరం రాశారు. పిడికిలి కాయలు కాసేలా ఇన్నేళ్లు అచ్చు కొట్టినా లీలావతి పేరు ఎక్కడా, ఏ గుడ్డ మీదా లేదు. ఈ ఒక్కసారి చూసుకుందామనే ఆశతోనే ఇంత దూరం వచ్చింది. రావుగారికేమో అది మింగుడు పడలేదు. పనిమనుషుల పేర్లు గోడకెక్కిస్తే రేపు కార్ఖానాలో తన మాట ఎవడు వింటాడని దారంతా సణిగాడు.

ఆయన మాటంటే అక్కడ మామూలు మాట కాదు. అచ్చు పాడు చేసినవాళ్లకి అదే ఆఖరి రోజు. పాపం దయామణి, అచ్చులో చిన్న ఆకు అంచు చిట్లితే పదిహేనేళ్ల పని ఒక్క పూటలో పోగొట్టుకుంది. అలాగని ఆయనకు అచ్చు పట్టుకోవడం వచ్చా అంటే అదీ లేదు. ఇప్పుడు కూడా తలకిందులుగానే పట్టుకున్నాడు.

ఆయన ఆ అచ్చు బయటికి తీయడానికి కారణం అద్దాల బీరువాలోని గుడ్డ. వెలిసిపోయి, అంచులు చివికిపోయి ఉంది. దాని నిండా చిలకలు, ప్రతి చిలకకూ ముక్కు సగమే. పొద్దున దాన్ని చూడగానే లీలావతి అద్దానికి మొహం ఆనించి ఆ ముక్కులన్నీ ఒక్కొక్కటే చూసింది. దుబాసీగా వచ్చిన గుడివాడ అమ్మాయి యశస్విని కింద రాసింది చదివి తెలుగులో చెప్పింది.

“మచిలీపట్నం వస్త్రం, మూడు వందల ఏళ్ల నాటిదంటండీ. నిరుడు ప్యారిస్ వర్తకుడి దగ్గర కొన్నారట. ఏ ఇంటివాళ్లు చేశారో తెలిస్తే ఆ పేరు ఇక్కడే రాస్తారట.”

అంతే, రావుగారికి పూనకం వచ్చింది. పెట్టె బోర్లించి, అడుగున గుడ్డలో చుట్టి ఉన్న చిలక అచ్చు బయటికి లాగాడు. అది తన ముత్తాత తాత చెక్కించిందని అప్పటికప్పుడు ఒక వంశవృక్షం అల్లేశాడు.

“టేకు అచ్చు అన్నేళ్లు ఎక్కడ నిలుస్తుందండీ?” అంది లీలావతి మెల్లిగా.

“నూనెలో నానబెట్టి దాచుకున్నాం. నీకెందుకే ఏడుపు? మా ఇంటి పేరు గోడ మీద ఉంటుందనేగా?”

నలుగురిలో ఆ మాట పడ్డందుకు ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మ్యూజియం పెద్దావిడ తెల్ల కాగితం తెప్పించింది. అచ్చును రంగులో అద్ది, కాగితం మీద పెట్టి పిడికిలితో గుద్దింది లీలావతే. కాగితాన్ని బీరువా అద్దం పక్కన పట్టుకుని చూశారు. తోక, రెక్క, కన్ను, సగం ముక్కు అన్నీ సరిపోయాయి. పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. ఆ గుడ్డ ఈ అచ్చుతో వేసిందేనని, అచ్చు తమ ఇంటిదేనని రావుగారు దర్జాగా సంతకం పెట్టాడు. రేపు పత్రికలవాళ్లు వస్తారని యశస్విని చెప్పింది.

“అద్దకం ఆవిడ పేరు కూడా కిందే రాయమంటారా అండీ?”

“అక్కర్లేదు. మా ఇంటి పేరు ఒక్కటే.”

లీలావతి ఆయన మొహంలోకి సూటిగా చూసింది. “మళ్లీ అడుగుతున్నాను రావుగారూ. నా పేరు వద్దా?”

“ఒకసారి చెబితే అర్థం కాదా? వద్దు.”

“సరేనండి,” అంది.

పెద్దావిడ ఏదో అడిగింది. పనితనం తెలిసిన మనిషి కాబట్టి ఈమె మాట కూడా కావాలంటోందని, గుడ్డ నిజంగా ఈ అచ్చుతో వేసిందేనా అని యశస్విని చెప్పింది. రావుగారు గుడ్లురిమాడు.

“నిజమేనండి. ఈ అచ్చుతో వేసిందే. ఒట్టేసి చెబుతాను,” అంది లీలావతి.

వచ్చినప్పటి నుంచీ మొదటిసారి రావుగారు ఆమెను చూసి నవ్వాడు. ఆమె అచ్చు తుడిచి, కళ్లకద్దుకుని, ఎప్పటిలాగే పెట్టె అడుగున పెట్టింది.

ఆ ముక్కు విరిగింది మూడేళ్ల కిందట, లీలావతి చేతిలో.