ఏనుగు మార్కు బిల్లు

“ఏనుగు మళ్లీ ఎలుగ్గొడ్డు అయిపోయిందమ్మా!” ఫోన్లో మునినారాయణప్ప అరుపు.

హరిణికి తల ప్రాణం తోకకొచ్చింది. మహదేవపురలోని ఆఫీసులో కూర్చుని పొద్దుటి నుంచి ఆమె చేస్తున్నది ఒకటే పని. కాటన్‌పేటలో ఆయన తువ్వాళ్ల హోల్‌సేల్ అంగడికి తమ కంపెనీ అమర్చిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో, బిల్లు నెత్తిన ఏనుగు బొమ్మ సరిగ్గా పడేలా చూడటం.

“బిల్లు మీద లోగో కావాలా సార్?” అని మొదట్లో అడిగిన పాపం ఆమెదే.

“కావాలా అంటావేమమ్మా? ఏనుగు లేని బిల్లు ఈ అంగడి గడప దాటిందే లేదు” అన్నాడాయన.

ఆఫీసు ప్రింటర్లో తీస్తే ఏనుగు దసరా అంబారీకి సిద్ధమైనట్టు నిగనిగలాడుతుంది. అక్కడ తీస్తే మసిబొగ్గు!

రంగు తగ్గించింది. “బురదలో పొర్లినట్టు ఉండాది” అన్నాడు. కాస్త పక్కకు జరిపింది. “తొండం యాడుండాదో, కాలు యాడుండాదో తెలీలేదు” అన్నాడు.

“ప్రింటర్ పాడైందేమో సార్?”

“ఉత్తినే దాన్ని అనొద్దమ్మా. అంకెలూ అక్షరాలూ ముత్యాల మాదిరి ఉండాయి. మీ ఏనుగే గలీజు!”

“పోనీ, కాగితం మార్చి చూడండి.”

“ఇప్పుడే కొత్త కట్ట విప్పినా. మా బిల్లు కాగితానికి వంక పెట్టినోళ్లు ఇంతవరకూ లేరు.”

ఫొటో పంపమంటే పంపాడు. నిజమే, దాన్ని ఏనుగంటే ఏ ఏనుగూ ఒప్పుకోదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా టీమ్ లీడ్ కౌశల్ వచ్చి పక్కన నిలబడ్డాడు. “హరిణీ, ఈవెనింగ్‌లోగా ఆయన ఓకే అని సైన్ చేయకపోతే నీ జాబ్ కన్ఫర్మ్ అవ్వడం కష్టం. ఒక్క బొమ్మ పెట్టలేకపోయిందా అని పైవాళ్లు అడిగితే నేనేం చెప్పను?”

ఒక్క బొమ్మట! ఆమెకు ఏడుపొచ్చింది. చదివిన ఇంజనీరింగ్ మీదా, ఏనుగు జాతి మొత్తం మీదా ఒళ్లు మండింది. ఈ ఉద్యోగం పోతే పీజీ హాస్టల్ ఖాళీ చేసి నంద్యాల బస్సెక్కడమే గతి. ఇక ఫోన్లో తేలదని బ్యాగు తగిలించుకుని బయల్దేరింది. మెట్రోలో జనం మధ్య నలిగి, మెజెస్టిక్‌లో దిగి, ఆటోవాడితో గొడవపడి కాటన్‌పేట చేరింది.

“నేనేమన్నా అబద్ధం చెప్తాండానా? నువ్వే చూడు” అంటూ మునినారాయణప్ప ఆమె కళ్లముందే ఒక బిల్లు తీశాడు.

ఎలుగ్గొడ్డే.

“రేపట్నుంచి మేము చేత్తోనే రాసుకుంటాం. మీ సాఫ్ట్‌వేరు మీరే తీసకపోండి” అని మొహం తిప్పుకున్నాడు.

హరిణి ప్రింటర్ దగ్గర వంగి, కాగితాల ట్రే బయటికి లాగింది. కాసేపు దానివైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ట్రే లోపలికి తోసి, కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో నొక్కింది.

ఇంకో బిల్లు బయటికొచ్చింది.

“అబ్బబ్బ! ఇదిగదా ఏనుగంటే! దంతం చూడు, కన్ను చూడు!” మునినారాయణప్ప బిల్లును పైకెత్తి పక్కంగడివాళ్లకు కూడా చూపించాడు. “ఈ పని పొద్దున్నే చేసుంటే ఇద్దరికీ నెత్తినొప్పి తప్పేది గదమ్మా!”

ఆమె ముందుకు చాచిన కాగితం మీద సంతోషంగా సంతకం గీకేశాడు. హరిణి దాన్ని మడిచి భద్రంగా బ్యాగులో పెట్టుకుంది.

“ఇంతకీ ఏం చేసినావు?” అన్నాడాయన.

“కంప్యూటర్లోంచి లోగో తీసేశాను సార్” అంది హరిణి, ఇంకా ఏ బిల్లూ పడని కాగితాలను ట్రేలోంచి తీసి, ప్రెస్సువాళ్లు ఒక్కోదాని నెత్తిన ముందే అచ్చేసి పంపిన ఏనుగును ఆయనకు చూపిస్తూ.