రెండో సైకిలు

తెల్లవారినప్పటి నుంచీ ఒకటే వాన. ఆ రోజే సునందకు పెళ్ళిచూపులు.

ఎమ్మిగనూరు పక్క పల్లెలో వాళ్ళ ఇల్లు. తండ్రి కుమారస్వామి చీరలు నేస్తాడు. మగ్గం గుంతలోకి దిగిన నీళ్ళను అతను చెంబుతో బకెట్‌లోకి తోడుతుంటే, సునంద ఆ బకెట్ మోసుకెళ్ళి వీధిలో పారబోసి వస్తోంది.

పది గంటలకు ఆదోని నుంచి పెళ్ళికొడుకు వాళ్ళు కారులో రావాలి. తారు రోడ్డు నుంచి ఊళ్ళోకి నల్లరేగడి దారి. వాన పడితే ఎద్దులే కదలవు, కారేం వస్తుంది? వస్తారో రారో తెలియక కుమారస్వామికి కాలూ చెయ్యీ ఆడటం లేదు.

సునందకు వస్తారన్నా భయమే, రారన్నా దిగులే.

పిల్లవాడు ఫోటోలో నచ్చాడు. భయమంతా అతని తల్లి గురించే. ఆమె హెడ్మాస్టరుగా చేసి రిటైరయిందనీ, ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదనీ మధ్యవర్తి ఉరుకుందు చెప్పిపోయాడు. సునందకేమో నవ్వొస్తే ఆగదు.

ఇంకో బకెట్ పారబోయడానికి బయటికొచ్చి, అలాగే నిలబడిపోయింది.

బురదలో ఒక సైకిల్ వస్తోంది. దాని టైర్లు మోటార్ సైకిల్ టైర్లకన్నా లావు. తొక్కుతున్న మనిషికి ప్యాంటు, చొక్కా, నెత్తిన హెల్మెట్. మగమనిషో ఆడమనిషో అంతుపట్టలేదు. గుంత ఎక్కడుంటే సైకిల్ అక్కడికే పోతోంది. బురద చిమ్మినప్పుడల్లా ఒకటే నవ్వు.

ఆ నవ్వు ఆడగొంతు.

సైకిల్ వచ్చి సునంద ముందు ఆగింది. హెల్మెట్ తీస్తే నెరిసిన జుట్టు, మొహం నిండా బురద.

“ఏమ్మా, అట్లా చూస్తాండావు?”

“పక్కన నడిచే రాళ్ళ బాట ఉంది కదమ్మా. బురదలో ఎందుకు తొక్కుతాండారు?”

“బురద కోసమే!”

సునందకు ఏమీ అర్థం కాలేదు. వంగి టైరు నొక్కింది. మెత్తగా లోపలికి పోయింది.

“గాలి లేదమ్మా. పంచరయినట్టుంది.”

“నేనే తీసినా. బురదలో మెత్తగుంటేనే పట్టు. గట్టిగుంటే జారతాది. నీ పేరేమి?”

“సునంద.”

ఆమె ఒకసారి తేరిపార చూసింది.

“ఎక్కు.”

“నేనా? మా నాయన సంపుతాడు.”

“బడికి పోయేటప్పుడు తొక్కలేదా?”

“తొక్కినా.”

“మళ్ళేమి?”

సునంద అటూ ఇటూ చూసింది. బకెట్ గోడవార పెట్టి ఎక్కేసింది.

చక్రం బురదలోకి దిగింది. అయిపోయింది, ఇరుక్కుపోయాననుకుంది. ఇరుక్కోలేదు. ఎద్దులు కదలని బురదలో తను కదులుతోంది! ముందరి గుంతలో నీళ్ళు లేచి నెత్తి మీద పడ్డాయి. సునందకు నవ్వొచ్చింది. ఆగలేదు. తిప్పబోయి మెల్లగా పక్కకు ఒరిగి బురదలో పడింది. దెబ్బే తగల్లేదు. లేవబోయి, నవ్వుకు లేవలేక మళ్ళీ కూలబడింది. ఆమె కూడా వచ్చి పక్కనే కూర్చుని నవ్వింది.

ఇంత సంతోషంగా ఉండి ఎన్నేళ్ళయిందో సునందకు గుర్తు రాలేదు.

“ఇట్లాంటిదే ఇంకోటి కొనిపెట్టినా ఇంట్లో. తోడు తొక్కే మనిషి కోసం చూస్తాండా,” అందామె.

“సునందా!”

గుమ్మంలో కుమారస్వామి, చేతిలో చెంబు.

“పెళ్ళోళ్ళు వచ్చే పొద్దు! ఏమే ఈ అవతారం? ఎవురీమె?”

“నేను ఆదోని నుంచప్పా...”

“యాడి నుంచైనా రా తల్లీ! మా పిల్ల గడప దాటే రకం కాదు. ఆ హెడ్మాస్టరమ్మ ఇంటోళ్ళ కంట్లో పడితే ఇంకేమన్నా ఉందా?”

సునంద గబుక్కున లేచి నిలబడింది.

“నేను వద్దనే అన్నా నాయనా. ఆమే ఎక్కమనింది.”

ఆమె నవ్వు ఆగింది.

“ఇష్టం లేకనే ఎక్కినావా పాపా?”

సునంద తండ్రి మొహం చూసింది.

“ఇష్టం లేదు,” అంది తల వంచుకుని.

ఆమె సైకిల్ లేపుకుని, ఈసారి పక్కనున్న రాళ్ళ బాట మీదే పోయింది.

సునంద తలకు పోసుకుని చీర కట్టుకుంది. పది దాటింది. వాన వెలిసింది. మధ్యాహ్నమూ అయింది. ఎవరూ రాలేదు. కుమారస్వామి చేయగా చేయగా ఉరుకుందు ఫోనెత్తాడు.

“ఏమప్పా, కారు యాడుంది?”

“తారు రోడ్డు కాడినుంచే తిరిగి పోయిందన్నా. సంబంధం వద్దన్నారు.”

“పిల్లని చూడకుండానే?”

“చూసినారంట. ‘భయపడి ఇష్టం లేదన్న పిల్ల, రేపు భయపడి సరేనని కూడా అంటాది. అట్లాంటి సరే మనకొద్దు’ అనిందంట.”

కుమారస్వామికి తలా తోకా తెలియలేదు. పక్కనే నిలబడి వింటున్న సునంద మాత్రం వీధి బురదలోని సైకిల్ జాడ వైపు చూసింది.

“ఎవరప్పా అనింది? మా ఇంటికి ఒక్కరూ రాలేదే!”

“రాలేదంటావేమన్నా, కారు దిగబడతాదని, ఎనక కట్టుకొచ్చిన సైకిలెక్కి అందరికన్నా ముందు మీ వాకిట్లోకి వచ్చింది పెళ్ళికొడుకు వాళ్ళమ్మే కదా.”