కాశీలో వదిలిన పండు

నేరేడుపండు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"తిను వసూ. నువ్వు తింటేనే నేను తింటాను," అన్నాడు వేంకటేశ్వర్లు.

వసుంధర కళ్లు మూసుకుని కొరికింది. వెంటనే వంటింటి గుమ్మం దగ్గర టక్... టక్... తమలపాకులు దంచే చిన్న రోలు చప్పుడు.

అత్తగారు పోయి ఆరేళ్లయింది. ఆ రోలు అటకమీద ఉంది.

పన్నెండేళ్ల క్రితం భార్యాభర్తలిద్దరూ కాశీ వెళ్లారు. అక్కడ అందరూ తమకిష్టమైన పండొకటి గంగకు వదిలేస్తుంటే వసుంధర నేరేడు వదిలేసింది. ఇక జన్మలో ముట్టనని మాట. "తప్పావో, ఇంటికే చేటు," అని ఇంటికి తిరిగి రాగానే అత్తగారు హెచ్చరించారు.

ఈ ఏడాది మాఘంలో వసుంధరకు గర్భసంచి ఆపరేషనయింది. నెల తిరక్కుండానే బందరులోని వాళ్ల రెండు గదుల ఇంట్లో పిడుగు పడింది.

"నాకు పెద్దపేగు క్యాన్సరట వసూ," అన్నాడాయన, గోడవైపు చూస్తూ.

ఆయన మేనకోడలు సుహాసిని హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. కబురు తెలిసి వచ్చింది.

"మా ల్యాబ్‌లో గాజుపళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాలమీద నేరేడులోని పదార్థాలు వేస్తే వాటి జోరు తగ్గుతోంది అత్తయ్యా. మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు. మందులు మాత్రం ఆపకూడదు," అంది, ఎందుకో కళ్లు కలపకుండా.

వేసవిలో నేరేళ్లు వచ్చినప్పట్నుంచి ఆయనది ఒకటే మొండిపట్టు. "నువ్వు వదిలేసిన పండు నేనొక్కణ్ణే ఎలా తింటాను?"

అవనిగడ్డ బస్సులో పళ్లు తెచ్చే పోలమ్మ పకపకా నవ్వేది. "ఏందమ్మగారూ, అయ్యగారి నాలిక్కంటే మీ నాలికే నల్లగా ఉంది! ఆయనకి మిగల్చకుండా మీరే లాగించేత్తన్నారా ఏంటి?"

వసుంధరకు నవ్వు వచ్చేది కాదు. పండు మింగిన ప్రతిసారీ రోలు చప్పుడు ఆగేది. చెవి పక్కనే అత్తగారి గొంతు.

"ఎవరికోసమే?"

"మీ అబ్బాయి కోసమే అత్తయ్యా. ఆ చేటేదో నాకు తగలనివ్వండి. ఆయన్ని వదిలేయండి."

ఆయన మాత్రం రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. నెలనెలా విజయవాడ ఆస్పత్రికి ఆమెను తోడు తీసుకెళ్లేవాడు. డాక్టరుతో ఒక్కడే మాట్లాడి, ఎర్రబడ్డ కళ్లతో బయటికొచ్చేవాడు. "ఎలాగూ వచ్చారుగా," అంటూ నర్సు ఆమె రక్తమూ తీసేది. ఆపరేషన్ నీరసానికని మాత్రలిచ్చేది.

శ్రావణం వచ్చింది. నేరేళ్లు అయిపోయాయి.

ఆ ఉదయం విజయవాడ బస్సుకని సంచి సర్దుతుంటే, ఆయన ఎప్పుడూ చేతిలోంచి వదలని ఆస్పత్రి ఫైలు మంచంమీద కనిపించింది. ఆయన స్నానం చేస్తున్నాడు.

టక్... టక్... టక్.

ఆగింది.

"ఎవరికోసమే?"

వసుంధర మంచం దగ్గరికి వెళ్లింది. ఆయనకింకా ఎన్నాళ్లుందో తెలుసుకుందామని ఫైలు తెరిచింది.

మొదటి కాగితంమీద, రోగి పేరు రాసే చోట, తన పేరే ఉంది.