బూడిదకు కాపలా

"దిగకండమ్మా!"

బుట్ట చంకన పెట్టుకుని బూడిదగుట్ట వైపు వెళ్తున్న సారమ్మ ఉలిక్కిపడి ఆగింది.

ఎదురుగా ఓ ముసలాయన. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. ఈ ఊరి మనిషి కాడు.

"అంట్లు తోముకోడానికి కాసింత బూడిదండీ. మీ సొమ్మేం పోయింది?"

"పైన చల్లగానే ఉంటుందమ్మా. లోపల నిప్పు అలాగే ఉంటుంది. కాలు దిగబడితే మాడిపోతుంది."

సారమ్మకు నవ్వొచ్చింది. బుద్ధెరిగినప్పటి నుంచీ ఊక బూడిదతోనే పళ్లు తోముకుంది, గిన్నెలు తోమింది. బూడిదను చూసి భయపడమనే మనిషిని ఇప్పుడే చూస్తోంది.

గణపవరం రోడ్డులో ఊకతో కరెంటు తీసే ఫ్యాక్టరీ వచ్చి ఏడాది కాలేదు. ఆ బూడిదంతా ట్రాక్టర్లతో తెచ్చి, పేట పక్కన ఎండిపోయిన చేపల చెరువులో పోస్తున్నారు. అందులో ఒక ట్రాక్టరు తోలేది సారమ్మ మొగుడు ఎలీయాజరే. పస్తులున్న ఇంట్లో మళ్లీ పొయ్యి వెలిగిందంటే ఆ ఉద్యోగం చలవే.

"ఓనరు ఫణికిరణ్ గారు ఓపెనింగులో చెప్పారండి. అణు కరెంటైతే ఊళ్లు ఖాళీ చేసి పోవాలంట. ఇది మన చేలో ఊకేనంట, ఏ ప్రమాదమూ లేదంట."

"నేను అణు విద్యుత్ కేంద్రంలోనే పనిచేసి రిటైరయ్యానమ్మా. ఆయన చెప్పింది అబద్ధం కాదు. అక్కడ ప్రమాదమంటూ జరిగితే పెద్దదే. ఆ భయంతోనే అడుగడుగునా కంచె వేసుకునేవాళ్లం. దీనికెవరూ భయపడరు. అందుకే కంచె లేదు."

సాయంత్రానికి పేటంతా గుప్పుమంది. అణు కంపెనీ మనిషట. ఊక ఫ్యాక్టరీ మూయించడానికి వచ్చాడట.

మర్నాడు ఆయన గుట్ట చుట్టూ కర్రలు పాతి, తాడు కట్టి, ఎర్రగుడ్డలు వేలాడదీశాడు. సారమ్మ కడుపు మండిపోయింది.

"మా నోటికాడ కూడు లాగెయ్యకండి బాబూ! మీకు దండం పెడతాను, వెళ్లిపోండి!"

ఏడుస్తూనే తాడు తెంపి పారేసింది.

ఆయన కోప్పడలేదు. గొడుగు విప్పుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"తాడు లేకపోతే నేనుంటాన్లేమ్మా."

ఆ మధ్యాహ్నమే బాతుపిల్ల వెంట పరుగెత్తింది సారమ్మ ఒక్కగానొక్క కూతురు హెప్సిబా. ఆయన అవతలి గట్టు నుంచి అరుస్తూనే ఉన్నాడు. పిల్లకు వినబడలేదు.

"అమ్మా!"

సారమ్మ వచ్చేసరికి పిల్ల పిక్కల దాకా బూడిదలో ఉంది. ఆమె దూకబోతే, అవతలి నుంచి పరుగెత్తుకొచ్చిన ఆ ముసలాయన వెనక్కి నెట్టేశాడు.

"మీరు రాకండమ్మా! పిల్లను అందుకోండి!"

తాను దిగాడు. పిల్లను ఎత్తి గట్టు మీదికి విసిరేశాడు. మళ్లీ అడుగు వెయ్యబోయి నడుం దాకా దిగబడిపోయాడు.

బల్లలు పరిచి ఆయన్ను లాగేటప్పటికే ఆలస్యమైపోయింది.

"ప్రభువా, ఇద్దర్నీ నాకియ్యి!" ఏలూరు ఆసుపత్రి వరండాలో సారమ్మ గుండెలు బాదుకుంది. "తాడు తెంపిన చేతులు నావి, నన్ను తీసుకో!"

పిల్ల కాళ్లకు కట్లు కట్టారు. ప్రాణానికి భయం లేదన్నారు.

ఆయన మాత్రం పొద్దుగూకకముందే పోయాడు.

"ఆయన తాలూకు ఎవరున్నారమ్మా?" నర్సు అడిగింది.

"ఎవరూ రాలేదండి. మేమే మా సమాధుల తోటలో మట్టి చేసుకుంటామండి. మా నాన్నే అనుకుంటామండి."

ఇంతలో ఫ్యాక్టరీ కారు వచ్చి ఆగింది. ఎలీయాజరు ఫోను చేస్తే ఓనరే స్వయంగా వచ్చాడు. మా పిల్లను చూడ్డానికి ఇంత పెద్దాయన వచ్చాడే అని సారమ్మ కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది.

ఫణికిరణ్ పిల్ల మంచం వైపు చూడనైనా చూడలేదు. నేరుగా వెళ్లి, తెల్లటి దుప్పటి కప్పిన ఆ ముసలాయన కాళ్ల దగ్గర కూలబడి, "కంచె వేయిస్తానన్నాను కదా నాన్నగారూ, నాలుగు రోజులు ఆగలేకపోయారా!" అని భోరుమన్నాడు.